బర్కాలో పర్ణశాల

నేను కట్టిన పర్ణశాలకి మొట్టమొదట వంక పెట్టింది అజీజా ముసలమ్మ. తోట ఆవిడ కొడుకుది, పెత్తనం మాత్రం ఆవిడది. చేతికర్రతో మట్టల గోడని ఓసారి పొడిచింది, తల లోపలికి పెట్టి పైకి చూసింది. కప్పులోంచి ఆకాశం కనబడేసరికి నా మీద అరబ్బీలో విరుచుకుపడింది. నాకు అప్పటికి వచ్చిన అరబ్బీ పంపు వెయ్యడానికీ పంపు ఆపడానికీ సరిపోయేంతే.

"ఏమంటోంది పోచన్నా?"

"ఏమంటది! గిది గుడిసెనా, కోళ్ల గంపనా అంటున్నది. ఎండ గొడ్తది, మంచు వడ్తది, మా తోటల గిసొంటిది ఉంటె ఇజ్జత్ పోతది అంటున్నది."

పోచన్నది నిజామాబాద్ జిల్లా. తోటలో ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నాడు. పంపు షెడ్డు పక్కన ఒకటే గది, ఇద్దరం అందులో ఉండేవాళ్లం. మట్టలు నరికి, చీల్చి, ఖర్జూరపు నారతో ముడులు వేసి ఆ గుడిసె నిలబెట్టింది సగం అతనే.

"నక్షత్రాలు కనపడాలి, అది మా ఊరి పద్ధతి అని చెప్పు."

పోచన్న చెప్పాడు. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి ఏదో అంది.

"నక్షత్రాలు సూడాల్నంటె బయట పండుకొమ్మంటున్నది."

అంత సూటిగా మా పర్ణశాలల పండగని ఎవరూ ప్రశ్నించలేదు. నాకు నవ్వొచ్చింది. మర్నాడు క్లాసు నుంచి వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు పోయింది. కప్పు మీద ఇంకా రెండు మూడు వరసల మట్టలు పడ్డాయి. ముసలమ్మ దగ్గరుండి వేయించిందట. పోచన్న నిచ్చెన మీద చెమటలు కక్కుతూ, మంచి పని చేసినవాడిలా "లోపట ఎంత సల్లగున్నదో సూడు తమ్మీ" అన్నాడు. నేను పైకెక్కి ఒక్కొక్క మట్టా లాగి కింద పడేశాను. ముసలమ్మ చూసి చెయ్యి విసిరి "మజ్నూన్" అనుకుంటూ ఇంట్లోకి పోయింది. పిచ్చోడని. ఆ మాటకి మాత్రం పోచన్న అర్థం చెప్పక్కర్లేకపోయింది.

అది తొంభై ఆరో సంవత్సరం, సెప్టెంబరు నెలాఖరు. ఖర్జూరం కోతలు అయిపోయి, చెట్ల కింది వరస మట్టలు నరికే రోజులు. గల్ఫ్‌లో సముద్రం పక్కన ఉన్న ఈ బర్కా తోటల్లో మట్టల గుడిసె లేని తోట ఉండేది కాదు. అందుకే నాకు గుడిసె ఎందుకని ఎవరూ అడగలేదు, ఎందుకింత పలచన అని మాత్రమే అడిగారు. ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పడానికి మావయ్య ఒక మాట నేర్పి పెట్టాడు. "పందిరి పండగ అను. మా ఊళ్లో చేస్తారను. అంతకు మించి నోరు విప్పకు. ఆ దేశం పేరూ ఆ మతం పేరూ ఇక్కడ నీ నోటివెంట రాకూడదు గిద్యోనూ."

మాది గుంటూరు జిల్లాలో కాలవ గట్టున ఒక ఊరు. మా పేటలో కొన్ని కుటుంబాల వాళ్లం మేం మోషే వెనక ఎర్రసముద్రం దాటినవాళ్ల సంతతి అని నమ్ముతాం. ఆ మాట మా తాతయ్య చెప్పాడు, నమ్మించింది మాత్రం మా ఎలీషా మావయ్య. తాతయ్య పోతూ పోతూ ఒక పొట్టేలు కొమ్మూ, నాలుగు మూలలా కుచ్చులున్న తెల్ల శాలువా ఆయనకి అప్పజెప్పాడు. మావయ్య మాటకారి. ఆయన చెబుతూ ఉంటే ఎర్రసముద్రం మా చింతల రేవు అవతలే ఉన్నట్టుండేది. అంతకుముందు మేమంతా చర్చికి వెళ్లేవాళ్లం, నాన్న సంఘ పెద్ద. మావయ్య మాట అమ్మ నమ్మింది. పదిహేనేళ్ల నేను అమ్మకంటే ఎక్కువ నమ్మాను. ఒక ఆదివారం పొద్దున నేను ప్రార్థనకి రానన్నాను. రానివాడు నా ఇంట్లో ఉండడన్నాడు నాన్న. అయితే మేమిద్దరం ఉండం అని అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది.

నాన్న గుమ్మంలో నిలబడి అమ్మనేమీ అనలేదు. నాతో అన్నాడు. "మీ మావయ్య ఇవాళ కాకపోతే రేపు వెనక్కి వస్తాడురా. వాడి సంగతి నాకు తెలుసు. నువ్వు రాలేవు."

ఆ రోజు నుంచి అమ్మా నేనూ మావయ్య ఇంటి వెనక వసారాలో ఉన్నాం. తర్వాత మావయ్య గల్ఫ్ వచ్చాడు, ఇక్కడి పట్నం రూవీలో ఒక కంపెనీ స్టోర్లో పని. నాకు ఐటీఐ అయ్యాక ఆయనే వీసా పంపించాడు, ఏసీ మెకానిక్ ట్రైనీగా. ట్రైనీ అంటే చదువుకునే కూలీ. క్లాసూ ఉంది, పనీ ఉంది, జీతం మాత్రం లేదు. స్టైపెండని చేతిలో పెట్టేది సబ్బులకీ ఉల్లిపాయలకీ సరిపోయేది. తోటలో ఉచితంగా పడుకోనిచ్చినందుకు పొద్దునా సాయంత్రం నేను పంపు చూసుకోవాలి.

మా అదృష్టం ఏమిటంటే అంత పెద్ద పండగకి అంగట్లో కొనాల్సింది ఏమీ లేదు. చేత్తో పట్టుకోవలసినవి నాలుగు. దబ్బపండు, ఈతమట్ట, గొంజి కొమ్మ, కాలవ పక్కన పెరిగే నిరవంజి కొమ్మ. గొంజి అంటే ఏమిటో నిరవంజి అంటే ఏమిటో మా ఊళ్లో ఒక్కడికీ తెలీదు. మావయ్య ఒక ఏడు కానుగ కొమ్మ తెచ్చి ఇదే నిరవంజి అన్నాడు, ఇక అదే నిరవంజి. బర్కాలో కానుగ లేదు కనక గొంజికీ నిరవంజికీ కలిపి పంపు కాలవ పక్కన పెరిగిన గోరింట కొమ్మలు విరిచాను. దబ్బపండుకి బదులు చెట్టు కింద రాలిన నిమ్మకాయ. ఈతమట్టకి మాత్రం లోటు లేదు, ఊళ్లో పండగకి తాటాకు కప్పుకునే మేము అసలైన ఖర్జూరపు మట్టల మధ్యకి వచ్చి పడ్డాం. వంటకి పప్పు, మజ్జిగ, పోచన్న పెంచిన గోంగూర. అలాగే రోజుకొక అతిథి. పర్ణశాలలో ఒంటరిగా తినకూడదు, పిలిచి పెట్టాలి.

మిగతా ప్రపంచంలో ఈ పండగ ఎలా చేస్తారో నాకు తెలీదు. మా ఇంట్లో మాత్రం ఒక ఆచారం ఉంది. మగపిల్లాడు తన చేతులతో పర్ణశాల కట్టి అందులో ఏడు రోజులూ గడిపితే, చివరి రోజు ఇంటి పెద్ద వచ్చి వాడితో కూర్చుని తిని, శాలువా కప్పి, కొమ్ము ఊదుతాడు. ఆ రోజు నుంచి వాడు ఇంటికి ప్రార్థన చెప్పొచ్చు. అమ్మ ఎదురుచూస్తున్నది దానికోసమే. ఇల్లు వదిలి వచ్చిన దగ్గర్నుంచీ మాకు మాదైన ప్రార్థన లేదు, అన్నీ మావయ్య అరుగు మీదే. నేను శాలువాతో ఊరికి వెళితే వసారా అయినా సరే అది మా ఇల్లవుతుంది. ఊరు వదిలేటప్పుడు అమ్మ అడిగింది ఒక్కటే. "అన్నయ్య కొమ్ము ఊదేటప్పుడు క్యాసెట్లో పట్టి పంపరా. వింటాను."

పండగకి ముందు బర్కా సూక్‌లో, అంటే బజారులో, కార్డు ఫోను నుంచి మావయ్యకి చేశాను.

"వస్తావుగా?"

"ఎందుకు రానురా? ఏడో రోజు శుక్రవారమే పడింది. సెలవే."

"పొద్దున్నే వచ్చెయ్. అంతా కలిసి..."

"పొద్దున కాదులే. శుక్రవారం పొద్దున నాకు కాస్త పనుంటుంది. మధ్యాహ్నానికి వచ్చేస్తాను. కప్పు పలచగా వేశావా?"

"వేశాను. ముసలమ్మ తిట్టింది."

"తిట్టనీ. పర్ణశాలలో కూర్చున్న వాడికి ఆకాశమే ఇల్లురా." అంటూ నవ్వాడు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట నాకు చాలాసేపు బావుంది. సెలవు రోజు పొద్దున్న పనేమిటని నాకు తట్టనే లేదు.

మొదటి సాయంత్రం పున్నమి. పోచన్నని అతిథిగా కూర్చోబెట్టి నిమ్మకాయా మట్టా చేతిలో పట్టుకుని నాకు వచ్చిన నాలుగు ముక్కలూ చెప్పాను. పోచన్న కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. అయ్యాక, "మా తాన బతుకమ్మ లెక్కనే ఉన్నది. గది ఆడోళ్లది, గిది మొగోళ్లది" అని తేల్చేశాడు. ఇంకో రోజు ముసలమ్మే వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఖర్జూరాలు నా ముందు పెట్టి, కప్పు వైపు చూసి, నోరు విప్పకుండా కాఫీ తాగింది. ఏమీ అనకుండా ఉండడానికి ఆవిడ పడ్డ కష్టం చూస్తే జాలేసింది.

మధ్యలో ఒక సాయంత్రం ఖమరుద్దీన్ వచ్చాడు. కడప మనిషి. బర్కా తోటల కూరగాయలు పికప్‌లో రూవీ మార్కెట్టుకి తోలుతాడు, కిరాయి దొరికితే ఏ సామానైనా వేసుకుపోతాడు. ఆయన్ని పిలవాలా వద్దా అని నేను కాసేపు తటపటాయించాను. ఏమన్నా కనిపెడతాడేమోనని భయం. ఆయన కూర్చుని, గోంగూర పప్పు రెండోసారి వడ్డించుకుని, కప్పులోంచి చుక్కల్ని చూస్తూ అన్నాడు.

"మూసా పైగంబర్ మనుషులు ఎడారిలో ఇట్లనే వున్నారంట గదప్పా. పైనుంచి మన్నూ సల్వా దిగేదంట. మా ఇంటామె పేరు సఫూరా. మూసా పైగంబర్ ఆలి పేరు అది. మా మామ ఏరికోరి పెట్టినాడు."

మన్నూ సల్వా అంటే మా మన్నా, పూరేడు పిట్టలే, ఆవిణ్ణి మేం సిప్పోరా అంటాం అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. కానీ ఆ పూట నాకు దేశం కాని దేశంలో ఉన్నట్టు అనిపించలేదు. పోయేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాను. "శుక్రవారం ఆఖరి రోజు. మా మావయ్య రూవీ నుంచి వస్తున్నాడు. మీరూ రావాలి."

"మీ మామని నేనెరగను గానీ, పప్పు కోసరం వస్తా సామీ."

శుక్రవారం క్లాసు లేదు, పని లేదు. పొద్దున్నే గుడిసె ఊడ్చి, పంపు నీళ్లు చల్లి, మట్టలకి కొత్త గోరింట కొమ్మలు గుచ్చాను. పోచన్న తన టేప్ రికార్డరు తుడిచి తెచ్చి కొత్త క్యాసెట్టు వేసి పెట్టాడు. నేను వేలు చూపిస్తే అతను బటన్ నొక్కాలి, అదీ ఏర్పాటు.

మావయ్య ఎండ వాలే వేళకి వచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, నూనె పెట్టి దువ్విన తల. పండగ కోసమే ఇంత తయారై వచ్చాడనుకున్నాను. వంగి కాళ్లకి దండం పెట్టబోతే లేపి కావలించుకున్నాడు. లోపలికి వచ్చి, నెమ్మదిగా తల ఎత్తి, కప్పు అంతా కలయ జూశాడు.

"మీ తాతయ్య ఉంటే ఏడ్చేవాడురా," అన్నాడు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. అది నటన కాదని నేను ఇవాళ కూడా ప్రమాణం చేసి చెప్పగలను. దాన్ని తలుచుకుంటేనే నాకు ఎక్కువ మండుతుంది.

తిన్నాం. సంచిలోంచి శాలువా తీసి, విప్పి, మోషే నాటి భాషలో ఆశీర్వాదం ఒక్క ముక్క తప్పకుండా చెప్పి నా భుజాల మీద కప్పాడు. పాత బట్ట వాసనా, దానితో పాటు ఏదో పౌడరు వాసనా. మెడ దగ్గర ఏదో గుచ్చుకుంటే వేలితో లాగాను. చిన్న బంగారు కాయితం ముక్క, బర్త్‌డే టోపీలకి అంటిస్తారే, అలాంటిది. బంక ఎండి గట్టిపడి ఉంది. పెట్టెలో దేనికో అంటుకుని ఉంటుందిలే అనుకుని గోటితో గీకి పడేశాను. ఒక మూల కుచ్చు లేదు. పాతబడి ఊడిపోయి ఉంటుందనుకున్నాను. నమ్మేవాడికి సంజాయిషీలు వెతుక్కోనక్కర్లేదు, అవే వచ్చి వాలతాయి.

తర్వాత కొమ్ము తీశాడు. నేను పోచన్నకి వేలు చూపించాను. మావయ్య కొమ్ము పెదాలకి ఆనించి బుగ్గలు పూరించాడు. గాలి బుస్సుమంది. మళ్లీ ఊదాడు. మళ్లీ బుస్సే.

"అలవాటు తప్పింది," అన్నాడు నవ్వి, చేతిరుమాలుతో పెదాలు తుడుచుకుంటూ. "టేపు ఆపమను. కాసేపాగి ఊదుదాం."

ఆ కాసేపట్లోనే ఖమరుద్దీన్ వచ్చాడు, చంకలో పెద్ద బొప్పాయి కాయతో. వస్తూనే నన్ను చూసి, నా భుజాల మీద శాలువా చూసి, ఆగిపోయాడు. తర్వాత మావయ్య మొహం చూశాడు.

"అరెరెరె! ఈ శాలువ నేను చూసినా గదా! మీరే గదా సామీ? పోయిన డిసెంబర్‌లో చర్చి కాంపౌండ్‌లోకి కుర్చీలు తోలుకోని పోయింటి నేను. తెలుగోళ్ల నాటకం అంటే నిలబడి చూసినా. తూర్పు నుంచి రాజులు వస్తారే ముగ్గురు, అందులో మధ్య రాజు ఈయన! నెత్తిన బంగారు కిరీటం, ఒంటి మీద ఇదే శాలువ. అదిగో నక్షత్రం అని చెయ్యెత్తి చూపిచ్చి ఏడ్చినాడు చూడు, నాకే కండ్లలో నీళ్లు తిరిగినాయప్పా!"

నేను మావయ్య వైపు తిరిగాను. ఆయన కాదంటాడనుకున్నాను. ఎవర్నో చూసి నేననుకున్నారని అంటాడనుకున్నాను. మావయ్య మొహం వెలిగిపోతోంది.

"మీరు చూశారా?" అన్నాడు. "వెనక వాళ్లకి వినబడిందా మాట?"

"వినబడకేం సామీ! గోడ అవతలికి గూడా వినబడింది."

అప్పుడు మావయ్య నా వైపు చూశాడు. ఆ వెలుగు ఆరిపోవడానికి రెప్పపాటు పట్టింది. కానీ నేను అప్పటికే చూసేశాను.

పోచన్నకి తెలుగు నాటకాలు తెలీకపోయినా మనుషుల మొహాలు తెలుసు. "రా భాయ్, గీ పండు కోసుకొస్తం," అని ఖమరుద్దీన్‌ని గదిలోకి తీసుకుపోయాడు. మేమిద్దరం మిగిలాం.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏంట్రా ఎప్పట్నుంచి? నాటకానికి అడిగారు, ఇచ్చాను. తెల్లటి శాలువా ఎవరి దగ్గరా లేదంటే..."

"శుక్రవారం పొద్దున్న పని ఎప్పట్నుంచి? ఇక్కడ చర్చి ప్రార్థన శుక్రవారమే కదా."

ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మూడేళ్లు."

"రెండేళ్ల కిందట సెలవుకి వచ్చి అరుగు మీద కొమ్ము ఊదావు. పేటంతా ఏడ్చింది."

"ఊదాను."

"అప్పటికే..."

"అప్పటికే." గట్టిగా అన్నాడు, కోపం నాదైనట్టు కాదు, ఆయనదైనట్టు. "నీకేం తెలుసురా? వచ్చిన కొత్తలో జ్వరం వచ్చి రూములో పడి ఉంటే గంజి తెచ్చి పోసింది వాళ్లు. ఇక్కడ మనకెవడున్నాడు? శుక్రవారం వచ్చిందంటే రూమంతా ఖాళీ, ఒక్కణ్ణే గోడకేసి చూస్తూ కూర్చుని వల్లించుకోనా? నలుగురున్న చోటికి వెళ్లాను. పాటలు పాడతాం, మాట్లాడుకుంటాం, ఇంటికి పోతాం. దేవుడు ఒకడే కదా."

"ఆ మాట మా నాన్న కూడా అన్నాడు. అప్పుడు నువ్వు కాదన్నావు. నువ్వు కాదన్నావనే మేం ఇల్లు వదిలాం."

మావయ్య కొమ్ముని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"మరి నన్నెందుకు కట్టమన్నావు ఇది? ఏడు రోజులు కూర్చోమని ఎందుకన్నావు?"

"మనింట్లో ఒక్కడన్నా ఉండాలి కదరా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వైతే ఉంటావని."

అదీ సంగతి. వీధి చివర సైకిలు ఆపి కాపలా ఉండమని చెప్పి లోపలికి పోయి, ఇంకో గుమ్మంలోంచి ఇంటికి వెళ్లిపోయినట్టు. నేను అన్నేళ్లూ ఎండలో ఆ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. పదిహేనేళ్ల వాడిని అమ్మతో సహా ఇంట్లోంచి నడిపించుకు వచ్చిన మనిషి, మా వెనక తలుపు వేసి, తను మాత్రం ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయాడు. చెప్పి వెళ్లినా నేను తిట్టుకుని ఊరుకునేవాణ్ణేమో. చెప్పలేదు.

శాలువా మూల చేతిలోకి తీసుకుని చూపించాను. "ఇది ఊడిపోయిందా?"

"స్టేజి మీద నడుస్తుంటే కాలికి అడ్డం పడుతోందని..." అంటూ ఆగాడు.

"కత్తిరించారు."

"పారెయ్యలేదురా, దాచాను. ఎక్కడో ఉంది. కుట్టించుకోవచ్చు."

నేను ఏడవలేదు. అరవలేదు. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు, ఆ రోజు అవసరానికి అది రాలేదు. "నాన్న అన్నాడు మావయ్యా, నువ్వు వెనక్కి వస్తావని," అన్నాను.

"మీ అమ్మకి చెప్పకు," అన్నాడు ఆయన. అంతే అడిగాడు.

ఖమరుద్దీన్ పికప్ ఎలాగూ రూవీ వైపే వెళుతోంది. మావయ్య అందులోనే వెళ్లిపోయాడు. కొమ్ము నా దగ్గరే ఉంచమన్నాడు. బండి తోట గేటు దాటి మలుపు తిరుగుతుంటే ముందు సీట్లోంచి మాటలు వినిపించాయి. ఖమరుద్దీన్ ఏదో అడుగుతున్నాడు, మావయ్య మొదట ఊఁ కొట్టాడు, తర్వాత ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వారు. నాటకం గురించే అయి ఉంటుంది.

పోచన్న బొప్పాయి ముక్కల పళ్లెం నా పక్కన పెట్టి కూర్చున్నాడు. పొద్దు గూకుతోంది. పండగ అయిపోయే వేళ. అవతల ఊళ్లో అమ్మ క్యాసెట్టు కోసం కాచుకుని ఉంటుంది.

"టేప్ పెట్టు పోచన్నా."

కొమ్ము నేనే తీసుకున్నాను. మొదటిసారి పిల్లి అరిచినట్టు వచ్చింది. రెండోసారి కాస్త నిలబడింది. మూడోసారి ఊదుతుంటే కొష్టంలో మేకలు అరిచాయి, ముసలమ్మ ఇంటి తలుపు తెరుచుకుంది. ఊపిరి అందినంతసేపు ఊదాను. తర్వాత టేపు దగ్గరికి వంగి, "అమ్మా, పండగ బాగా జరిగింది. మావయ్య వచ్చాడు. శాలువా కప్పాడు. కొమ్ము వినమ్మా" అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఊదింది ఎవరో మాత్రం చెప్పలేదు. ఆ విషం అమ్మ దాకా పోకూడదు, నా దగ్గర ఆగిపోవాలి అనుకున్నాను. అమ్మ ఒక్కతి ఆ వసారాలో తాటాకు పందిరి కింద కూర్చుని ఉంటుందని, ఆమెకి మిగిలింది అదొక్కటేనని నా లెక్క. తెనాలి వెళుతున్న ఒకాయన చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపాను.

మంచు మొదలయ్యాక అమ్మ క్యాసెట్టు వచ్చింది. క్లాసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, టేప్ రికార్డరు తీసుకుని పర్ణశాలలోకి వెళ్లాను. దాన్ని నేను ఇంకా విప్పలేదు. మట్టలు ఎండి ముడుచుకుని కప్పు మరీ పలచబడింది. ముసలమ్మ మేకల్ని కట్టుకుంటానని రెండుసార్లు కబురు పెట్టింది, నేను రేపూ మాపూ అంటున్నాను.

"గిద్యోనూ, అమ్మనిరా," అంది అమ్మ గొంతు. ఒంట్లో ఎలా ఉందో అడిగింది, మజ్జిగ తాగుతున్నానో లేదో అడిగింది. "కొమ్ము విన్నానురా. ఊదింది అన్నయ్య కాదు. వాడి ఊపిరి నాకు తెలీదా? నువ్వే ఊదావు. అంటే నీకు తెలిసిపోయిందన్నమాట."

నేను టేపు ఆపేశాను. గుడిసెలోంచి బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చి, మళ్లీ నొక్కాను.

"నాకు నువ్వు వెళ్లకముందే తెలుసు. మీ అత్త నోరు జారింది. చెబితే నువ్వు ఆ వీసా వాడి మొహాన కొడతావు. నీ సంగతి నాకు తెలీదా? ఎలాగో ఒకలా నువ్వు పైకి రావాలని నోరు మూసుకున్నాను. నాకు తెలుసని అన్నయ్యకి తెలీదు. ఇప్పుడు నువ్వు కూడా ఏం అడక్కు వాణ్ణి."

అమ్మ ఆగింది. ఆ ఆగిన చోట, టేపులో వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. పొడిగా, రెండుసార్లు, ప్రార్థన మొదలు పెట్టబోయే ముందు సవరించుకున్నట్టు. పదిహేనేళ్లు ఆ గొంతు విని నిద్ర లేచినవాణ్ణి, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఈ ఏడు పందిరి వెయ్యలేదురా," అంది అమ్మ తొందర తొందరగా. "ఒక్కదాన్నే ఏం కూర్చుంటాను? మీ నాన్న కబురు పెట్టాడు, ఒంట్లో బావుండటం లేదని. పండగ ముందే వచ్చేశాను ఇంటికి. మంచోడేరా, ఏమీ అనలేదు. నువ్వు సెలవుకి వచ్చినప్పుడు వసారాకి కాదు, తిన్నగా ఇక్కడికే రా. నీ మంచం అక్కడే ఉంది. కోపం పెట్టుకోకు నాన్నా. నువ్వు బాగా ఊదావు, మూడోసారి. నేనూ మీ నాన్నా ఇద్దరం విన్నాం."

నేను ఇక్కడ చుక్కలు చూస్తూ అమ్మ పందిరి కింద కూర్చుని ఉందనుకున్న ఏడు రోజులూ అమ్మ నాన్న ఇంట్లో ఉంది. నేను కొమ్ము ఊదింది ఖాళీ వసారాకి. మావయ్య నన్ను మోసం చేశాడంటే ఎలాగో మింగాను. అమ్మ కూడా నాకు చెప్పకుండానే వెళ్లింది. నాన్నకి దొంగ మాట ఒక్కటీ లేదు, అప్పుడే గుమ్మంలో నిలబడి నిజం చెప్పాడు. వాళ్లకి వెనక్కి దారి ఉంది. నాకు లేదు. ఆ ఇంటికి వెళ్లి ఆ మంచం మీద పడుకోగలనా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా కాళ్లు కదల్లేదు.

మూడు కుచ్చుల శాలువా భుజాన వేసుకుని అక్కడే కూర్చున్నాను. బయట మేకల అలికిడి, ముసలమ్మ కర్ర చప్పుడు. పోచన్న గుమ్మంలోంచి తల పెట్టాడు.

"తమ్మీ, ముసల్ది మల్లొచ్చింది. పండుగయ్యి ఎన్నాళ్లాయె, ఇగ కప్పు నిండ ఎయ్యాల్నా, మేకల్ని కట్టాల్నా అని అడుగుతున్నది. ఏం జెప్పాలె?"

"మేకల్ని ఇంకెక్కడన్నా కట్టుకోమను పోచన్నా," అన్నాను. "ఇక్కడ మనిషి ఉంటున్నాడని చెప్పు."